ఇంగ్లిష్ పార్టిసిపుల్స్, మాడిఫయర్లు: తెలుగు వ్యాకరణం తెలిసినవారు పట్టు సాధించడం ఎలా?

పద్యం రాసిన కవి, కవి రాసిన పద్యం, కవి రాసిన కలం. మూడింటిలోనూ ఉన్నది ఒకటే మాట, ‘రాసిన’. మొదటిచోట అది రాసే మనిషికి అంటుకుంది, రెండోచోట అతని రచనకు, మూడోచోట చేతిలోని పనిముట్టుకు. తెలుగు చదివే ఎవరూ ఇక్కడ తడబడరు. ఇంగ్లిష్‌లో అడుగు పెట్టగానే ఈ వెసులుబాటు పోతుంది. అక్కడ ఒక్కోదానికి ఒక్కో నిర్మాణం కావాలి: ‘ద పోయెట్ హూ రోట్ ద పోయెమ్’, ‘ద పోయెమ్ రిటెన్ బై ద పోయెట్’, ‘ద పెన్ ద పోయెట్ రోట్ విత్’. పార్టిసిపుల్స్ విషయంలో మనవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఈ తేడా దగ్గరే.

అంటే పార్టిసిపుల్ మనకు కొత్త కాదు. బడిలో తెలుగు వ్యాకరణం చదివినవారికి ‘చేసి’ క్త్వార్థకమనీ, ‘చేస్తూ’ శత్రర్థకమనీ, ‘చేసిన’, ‘చేస్తున్న’, ‘చేసే’ వంటివి క్రియ నుంచి పుట్టి నామవాచకాన్ని విశేషించే ధాతుజ విశేషణాలనీ తెలుసు. ఇంగ్లిష్ పార్టిసిపుల్ పని కూడా ఇదే. క్రియ కడుపున పుట్టి విశేషణం కొలువు చేస్తుంది. మాడిఫయర్ అనేది ఇంకా పెద్ద పేరు. మరో మాట గురించి అదనపు సంగతి చెప్పే ప్రతి మాటా, ప్రతి పదబంధమూ మాడిఫయరే. విశేషణాలు, క్రియావిశేషణాలు, విభక్తి పదబంధాలు, పార్టిసిపుల్స్ అన్నీ అందులోకి వస్తాయి.

తెలుగు ఈ సంబంధాలను ప్రత్యయాలతో, విభక్తులతో చూపిస్తుంది. ఇంగ్లిష్ వాటిని మాట రూపంతో, అంతకంటే ఎక్కువగా మాట నిలబడిన చోటుతో చూపిస్తుంది. కాబట్టి ఇంగ్లిష్ వాక్యం రాసేటప్పుడు రెండు ప్రశ్నలు వదలకుండా వేసుకోవాలి: ఈ పని ఎవరిది? ఈ మాట దేని పక్కన ఉంది?

ముందుగా అసలు క్రియను పట్టుకోండి

‘ద బాయ్ ఈజ్ రన్నింగ్’ అన్నప్పుడు ‘రన్నింగ్’ క్రియలో భాగం, ‘ఈజ్’ తోడుంది కాబట్టి. ‘ద రన్నింగ్ బాయ్’ అన్నప్పుడు అదే మాట విశేషణం. ఈ తేడా తేలికే. చిక్కంతా వి3తో, అంటే ‘రిటెన్’ వంటి క్రియ మూడో రూపంతో వస్తుంది, ఎందుకంటే చాలా క్రియలకు వి2 (‘రోట్’ వంటి భూతకాల రూపం), వి3 ఒకేలా ఉంటాయి. ‘ద గర్ల్ సెలెక్టెడ్ ఫర్ ద టీమ్ ఈజ్ మై పార్ట్‌నర్’ అనే వాక్యాన్ని తొందరగా చదివితే ఆ అమ్మాయే ఎవరినో ఎంపిక చేసినట్టు అనిపిస్తుంది. చదివే గద్యాల్లో ఇటువంటి వాక్యాల దగ్గర అర్థం తారుమారై మార్కులు పోగొట్టుకునేవారు ఎంతోమంది.

దీనికి ఒక పరీక్ష ఉంది. వాక్యాన్ని రేపటికి మార్చి చూడండి. ‘ద గర్ల్ సెలెక్టెడ్ ఫర్ ద టీమ్ విల్ బీ మై పార్ట్‌నర్’. మారింది ‘ఈజ్’ ఒక్కటే, ‘సెలెక్టెడ్’ కదలలేదు. కాలాన్ని బట్టి మారేది సమాపక క్రియ, కదలకుండా నిలిచేది పార్టిసిపుల్.

ఇక్కడే మరో మాట చెప్పాలి. ప్రెజెంట్ పార్టిసిపుల్, పాస్ట్ పార్టిసిపుల్ అనే పేర్లు నేర్చుకునేవారికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం. ‘ఐ సా ఎ మ్యాన్ క్లైంబింగ్ ద ట్రీ’ అన్న వాక్యంలో చూడటం నిన్నటిది, ఎక్కడమూ నిన్నటిదే. ‘ద ట్రైన్ అరైవింగ్ టుమారో’ అన్నప్పుడు రైలు రావడం రేపటి సంగతి. రెండుచోట్లా ఇంగ్ రూపమే వాడాం. ఆ రూపానికి సొంతంగా కాలం లేదు, వాక్యంలోని అసలు క్రియ దానికి కాలాన్ని ఇస్తుంది. అందుకని ఈ వ్యాసమంతటా వాటిని ఇంగ్ రూపం, వి3 అనే పిలుస్తాను. మీరూ అలాగే అలవాటు చేసుకోండి.

ఇంగ్ రూపమా, వి3యా తేల్చుకోండి

మీరు విశేషించదలచిన నామవాచకాన్ని ముందు పెట్టుకుని అడగండి: ఇది పని చేస్తోందా, దీని మీద పని జరిగిందా? చేస్తుంటే ఇంగ్ రూపం, జరిగితే వి3. ‘ఎ బార్కింగ్ డాగ్’లో కుక్కే మొరుగుతోంది. ‘ఎ బ్రోకెన్ కప్’లో కప్పును ఎవరో పగలగొట్టారు. ‘ద ఫార్మర్ సెల్లింగ్ మ్యాంగోస్’ మామిడిపళ్లు అమ్ముతున్న రైతు, ‘ద మ్యాంగోస్ సోల్డ్ బై ద ఫార్మర్’ రైతు అమ్మిన మామిడిపళ్లు. తెలుగులో ‘అమ్మిన రైతు’, ‘అమ్మిన పళ్లు’ అని ఒకే రూపంతో సరిపోయేది. ఇంగ్లిష్‌లో ఆగి ఆలోచించక తప్పదు.

ఈ ఆలోచన లేకపోతే అర్థం ఎలా మారిపోతుందో మనసుకు సంబంధించిన మాటల్లో బాగా కనిపిస్తుంది. పాఠం విసుగు పుట్టిస్తే అది ‘బోరింగ్’. విసుగు పుట్టిన విద్యార్థి ‘బోర్డ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నాతో మాట్లాడేవారికి నేనే విసుగు తెప్పిస్తున్నానని అర్థం. దారి చూపని పటం ‘కన్‌ఫ్యూజింగ్’, దాన్ని పట్టుకుని నిలబడ్డ ప్రయాణికుడు ‘కన్‌ఫ్యూజ్డ్’. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అన్న అభ్యర్థి చెప్పదలచుకున్నది ‘ఇంటరెస్టెడ్’. భావాన్ని పుట్టించేదానికి ఇంగ్ రూపం, భావం పుట్టినవారికి వి3 అని గుర్తుంచుకుంటే చాలు.

ఈ సూత్రం సకర్మక క్రియలకు బాగా పనిచేస్తుంది. అకర్మక క్రియల్లో, అంటే కర్మ అక్కర్లేని క్రియల్లో, పని పడటానికి మరో వస్తువే ఉండదు. అక్కడ తేడా పని నడుస్తోందా, ముగిసిందా అన్నది. ‘ఫాలింగ్ లీవ్స్’ రాలుతున్న ఆకులు, ‘ఫాలెన్ లీవ్స్’ రాలిన ఆకులు. ‘రిటైర్డ్ టీచర్’, ‘ఎస్కేప్డ్ ప్రిజనర్’ కూడా ఈ కోవలోవే.

ఈ కోవ చాలా చిన్నది, అది మరవకూడదు. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అనే అతి మామూలు తెలుగు మాటకు సరిపోయే పార్టిసిపుల్ ఇంగ్లిష్‌లో లేదు. ‘ద కమ్ బాయ్’ అనలేం, ‘ద బాయ్ కమింగ్ యెస్టర్‌డే’ అనీ అనలేం. కర్త చేసి ముగించిన పనిని నామవాచకానికి తగిలించాలంటే ‘హూ’, ‘విచ్’, ‘దట్’ల సాయం తీసుకోవాల్సిందే: ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’. తెలుగులో ‘వచ్చిన’, ‘తిన్న’, ‘చూసిన’ అంటూ ధారాళంగా వాడే అలవాటును ఇంగ్లిష్‌లోకి మోసుకుపోతే వాక్యం కుంటుపడేది ఇక్కడే. కాబట్టి తెలుగులో ‘-ఇన’ రూపం తట్టినప్పుడల్లా చూసుకోండి: నామవాచకం మీద పని జరిగితే వి3, నామవాచకమే పని చేసి ముగిస్తే ‘హూ’ లేదా ‘విచ్’.

ఇంకో చిన్న జాగ్రత్త. ఇంగ్ రూపం కనిపించిన ప్రతిచోటా అది పార్టిసిపుల్ కాదు. ‘స్లీపింగ్ చైల్డ్’ నిద్రపోతున్న బిడ్డ, ‘స్లీపింగ్ బ్యాగ్’ నిద్రపోవడానికి వాడే సంచి. రెండోది జెరండ్, అంటే క్రియ నుంచి పుట్టిన నామవాచకం. ‘డ్రింకింగ్ వాటర్’, ‘వాకింగ్ స్టిక్’ కూడా అంతే. నీళ్లు తాగవు, కర్ర నడవదు.

చోటు చూసుకుని పెట్టండి

తెలుగులో విశేషణం ఎంత పొడవైనా నామవాచకానికి ముందే వస్తుంది. ‘నిన్న సాయంత్రం మా ఊరి చెరువు గట్టు మీద ఆడుకుంటున్న పిల్లలు’ అన్నామంటే ‘పిల్లలు’ చివరిదాకా ఆగుతారు. ఇంగ్లిష్‌లో పార్టిసిపుల్ ఒంటరిగా ఉంటే సాధారణంగా ముందు నిలుస్తుంది, తోక ఉంటే వెనక్కి వెళుతుంది. ‘ద ప్లేయింగ్ చిల్డ్రన్’ సరే, కానీ ‘ద చిల్డ్రన్ ప్లేయింగ్ ఆన్ ద బండ్’. ‘ఎ రిటెన్ కంప్లైంట్’ సరే, కానీ ‘ఎ కంప్లైంట్ రిటెన్ ఇన్ తెలుగు’. తోక అంటే పార్టిసిపుల్ వెంట వచ్చే స్థలం, కాలం, కర్త, కర్మ ఏదైనా కావచ్చు.

వెనక్కి వెళ్లినప్పుడు కామా సంగతి కూడా చూడాలి. ‘ద స్టూడెంట్స్ సిట్టింగ్ ఎట్ ద బ్యాక్ కుడ్ నాట్ హియర్’ అంటే వెనక కూర్చున్నవారికి మాత్రమే వినపడలేదు, ముందువారికి వినిపించింది. ‘స్టూడెంట్స్’ తర్వాత ఒక కామా, ‘బ్యాక్’ తర్వాత ఒక కామా పెడితే మనం చెబుతున్న విద్యార్థులంతా వెనకే కూర్చున్నారని, ఎవరికీ వినపడలేదని అర్థం. రెండు కామాలతో లెక్క మొత్తం మారింది. ఎవరి గురించి చెబుతున్నామో గుర్తుపట్టడానికి ఆ మాట అవసరమైతే కామా వద్దు, అదనపు సమాచారమైతే రెండువైపులా కామా ఉండాలి.

వాక్యం మొదట్లో పార్టిసిపుల్ పెడితే కామా తర్వాతి మాటను తనిఖీ చేయండి

పోటీ పరీక్షల తప్పులు గుర్తించే ప్రశ్నల్లో తరచూ అడిగేది, అమెరికాలో చదువుకునే మన పిల్లలు శాట్ పరీక్షలో ఎదుర్కొనేది ఇదే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఇంగ్లిష్ వాక్యం పార్టిసిపుల్ పదబంధంతో మొదలైతే కామా దాటగానే వచ్చే కర్తే ఆ పని చేసినట్టు లెక్క. ‘వాకింగ్ టు స్కూల్, లత సా ఎ పీకాక్’. నడిచింది లత. ఇందులో చిక్కు లేదు. తెలుగులోనూ క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒకటే కావాలని, అంటే ఏకకర్తృకం కావాలని చదువుకున్నాం. కానీ వాడుక తెలుగు ఆ నియమాన్ని చాలాచోట్ల సడలిస్తుంది. ‘వర్షం కురిసి చెరువులు నిండాయి’ అంటాం. కురిసింది వర్షం, నిండింది చెరువులు. ‘బస్సు దిగి చూస్తే సంచి లేదు’ అంటాం. దిగిందెవరో, లేనిదేదో వినేవారికి తెలిసిపోతుంది. ఆ చివరి వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ‘గెటింగ్ ఆఫ్ ద బస్, ద బ్యాగ్ వాజ్ మిస్సింగ్’ అని రాస్తే బస్సు దిగింది సంచి అవుతుంది. ఇలా యజమాని దొరకకుండా గాలిలో వేలాడేదాన్ని డ్యాంగ్లింగ్ మాడిఫయర్ అంటారు.

దిద్దడానికి రెండు దారులున్నాయి. కామా తర్వాత అసలు కర్తను తెచ్చి నిలబెట్టడం ఒకటి: ‘గెటింగ్ ఆఫ్ ద బస్, ఐ ఫౌండ్ మై బ్యాగ్ మిస్సింగ్’. పార్టిసిపుల్‌ను విప్పి కర్త ఉన్న ఉపవాక్యంగా మార్చడం రెండోది: ‘వెన్ ఐ గాట్ ఆఫ్ ద బస్, మై బ్యాగ్ వాజ్ మిస్సింగ్’. ఎటూ తేలకపోతే రెండో దారినే పట్టండి, అది ఎప్పుడూ మోసం చేయదు.

ఉద్యోగ దరఖాస్తుల్లో కనిపించే వాక్యం చూడండి: ‘హావింగ్ కంప్లీటెడ్ మై డిగ్రీ, మై ఎయిమ్ ఈజ్ టు వర్క్ ఇన్ ఎ బ్యాంక్’. కామా తర్వాత ఉన్నది ‘మై ఎయిమ్’. డిగ్రీ పూర్తి చేసింది మీరు, మీ ఆశయం కాదు. ‘హావింగ్ కంప్లీటెడ్ మై డిగ్రీ, ఐ వాంట్ టు వర్క్ ఇన్ ఎ బ్యాంక్’ అనండి. సెలవు చీటీలో ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్’ అని రాస్తే ఇంకా ఇబ్బంది. ‘ప్లీజ్ గ్రాంట్’ అనే ప్రార్థనలో దాగి ఉన్న కర్త ‘మీరు’. జ్వరం ప్రధానోపాధ్యాయుడికి వచ్చినట్టవుతుంది. ‘ఆస్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలుపెడితే సరిపోతుంది.

‘బీయింగ్ ఎ హాలిడే, ద బ్యాంక్ వాజ్ క్లోజ్డ్’ కూడా తప్పే. బ్యాంకు సెలవు దినం కాదు. ‘ఇట్ బీయింగ్ ఎ హాలిడే, ద బ్యాంక్ వాజ్ క్లోజ్డ్’ అనాలి. ఇక్కడ పార్టిసిపుల్ తన కర్తను తనే వెంట తెచ్చుకుంది కాబట్టి కామా తర్వాత ఎవరున్నా ఫరవాలేదు. ‘ద రెయిన్ హావింగ్ స్టాప్డ్, వి లెఫ్ట్’ కూడా ఇదే నిర్మాణం. మన ‘వర్షం వెలిసి’ వంటి భిన్నకర్తల వాక్యాలకు ఇంగ్లిష్‌లో ఉన్న అసలైన జోడీ ఇదే, కాకపోతే మాటల్లో తక్కువగా, రాతలో ఎక్కువగా వాడతారు.

ఈ నియమానికి లోబడనివి కొన్ని ఉన్నాయి. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’, ‘అకార్డింగ్ టు’, ‘గివెన్’, ‘జనరలీ స్పీకింగ్’ వంటివి పుట్టుకతో పార్టిసిపుల్సే అయినా వాడుకలో విభక్తుల్లా స్థిరపడిపోయాయి. ‘కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద పనిష్‌మెంట్ వాజ్ హార్ష్’ అంటే ఎవరూ తప్పు పట్టరు. శాస్త్ర వ్యాసాల్లో ‘యూజింగ్ ఎ థర్మామీటర్, ద టెంపరేచర్ వాజ్ మెజర్డ్’ వంటి వాక్యాలు తరచుగా అచ్చవుతాయి, చాలామంది ఒప్పుకుంటారు. పరీక్షలో మాత్రం వాటిని నమ్ముకోకండి.

‘చేసి’ వచ్చిన ప్రతిచోటా పార్టిసిపుల్ వద్దు

‘బజారుకు వెళ్లి, కూరగాయలు కొని, ఇంటికొచ్చి వంట చేసింది’. ఒకే కర్త, వరుస పనులు. దీన్ని ఇంగ్ రూపాలతో గొలుసుకట్టుగా రాస్తే అన్నీ ఒకేసారి జరిగినట్టు ఉంటుంది. ‘షి వెంట్ టు ద మార్కెట్, బాట్ వెజిటబుల్స్, కేమ్ హోమ్ అండ్ కుక్డ్’ అని మామూలు భూతకాల క్రియలతో రాయండి. ఇంగ్లిష్‌లో అదే సహజం.

ఇంగ్ రూపం ప్రధానంగా ‘చేస్తూ’కు జోడీ, లేదా వెనువెంటనే జరిగిన పనికి. ఒక పని పూర్తిగా ముగిసిన తర్వాతే రెండోది మొదలైందని నొక్కి చెప్పాలంటే ‘హావింగ్’ చేర్చి వి3 పెట్టాలి: ‘హావింగ్ రెడ్ ద లెటర్ ట్వైస్, హి టోర్ ఇట్’. వ్యతిరేకార్థానికి ‘నాట్’ను ముందు పెడితే చాలు. ‘నాట్ నోయింగ్ ద అడ్రస్, హి కేమ్ బ్యాక్’ అంటే చిరునామా తెలియక తిరిగి వచ్చాడు. మన వ్యతిరేక క్త్వార్థకం ఇక్కడ చక్కగా అతుకుతుంది.

చిన్న మాటలను చెప్పదలచిన మాట పక్కనే ఉంచండి

తెలుగులో ఒక్క ఏకారం చాలు. ‘నేనే ఆమెకు పది రూపాయలు ఇచ్చాను’, ‘నేను ఆమెకే పది రూపాయలు ఇచ్చాను’, ‘నేను ఆమెకు పది రూపాయలే ఇచ్చాను’. ఏకారం మాటకే అతుక్కుని ఉంటుంది కాబట్టి అనుమానానికి తావు లేదు. ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ విడి మాట. దాన్ని జరపాలి: ‘ఓన్లీ ఐ గేవ్ హర్ టెన్ రూపీస్’, ‘ఐ గేవ్ ఓన్లీ హర్ టెన్ రూపీస్’, ‘ఐ గేవ్ హర్ ఓన్లీ టెన్ రూపీస్’. మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్‌వారు దాన్ని క్రియ ముందు పడేసి గొంతుతో ఒత్తి చెబుతారు. కాగితం మీద గొంతు ఉండదు, చోటే దిక్కు.

‘ఆల్మోస్ట్’, ‘నియర్లీ’, ‘జస్ట్’ కూడా ఇంతే. ‘ఐ ఆల్మోస్ట్ లాస్ట్ ఎ థౌజండ్ రూపీస్’ అంటే పోగొట్టుకోబోయి దక్కించుకున్నాను. ‘ఐ లాస్ట్ ఆల్మోస్ట్ ఎ థౌజండ్ రూపీస్’ అంటే దాదాపు వెయ్యి పోయాయి. ‘స్టూడెంట్స్ హూ ప్రాక్టీస్ ఆఫెన్ ఇంప్రూవ్’ అన్న వాక్యంలో ‘ఆఫెన్’ అటూ ఇటూ చూస్తోంది. తరచూ సాధన చేసేవారు బాగుపడతారా, సాధన చేసేవారు తరచుగా బాగుపడతారా? ‘హూ ఆఫెన్ ప్రాక్టీస్’ అంటే అనుమానం తీరుతుంది.

పదబంధాలకూ ఇదే జాగ్రత్త కావాలి. ‘షి బాట్ ఎ శారీ ఫర్ హర్ మదర్ విత్ ఎ గ్రీన్ బార్డర్’ అంటే ఆకుపచ్చ అంచు అమ్మకు తగిలింది. ‘ఎ శారీ విత్ ఎ గ్రీన్ బార్డర్’ను విడదీయకండి.

ఇప్పుడు మీరే దిద్దండి

కింది వాక్యాల్లో ఒక్కోదానిలో ఒక్కో తప్పుంది. జవాబులు చూడకముందు కాగితం మీద రాసుకోండి.

1. ‘ద న్యూస్ వాజ్ వెరీ సర్‌ప్రైజ్డ్.’
2. ‘ద రిటెన్ బై మై సిస్టర్ స్టోరీ వన్ ఎ ప్రైజ్.’
3. ‘వైల్ కుకింగ్ డిన్నర్, ద ఫోన్ ర్యాంగ్.’
4. ‘ద మ్యాన్ కమింగ్ లాస్ట్ వీక్ ఈజ్ మై అంకుల్.’
5. ‘పెయింటెడ్ ఇన్ 1960, మై గ్రాండ్‌ఫాదర్ లవ్డ్ ద పోర్ట్రెయిట్.’

మొదటిదానిలో వార్త ఆశ్చర్యం కలిగించింది, కాబట్టి ‘సర్‌ప్రైజింగ్’. రెండోదానిలో పార్టిసిపుల్‌కు తోక ఉంది, వెనక్కి పంపాలి: ‘ద స్టోరీ రిటెన్ బై మై సిస్టర్’. మూడోదానిలో ఫోను వంట చేస్తోంది, ‘వైల్ ఐ వాజ్ కుకింగ్ డిన్నర్’ అని విప్పండి. నాలుగోదానిలో రావడం ముగిసిపోయిన పని, పైగా చేసింది కర్తే, కాబట్టి ‘ద మ్యాన్ హూ కేమ్ లాస్ట్ వీక్’. ఐదోదానిలో 1960లో గీసింది తాతగారిని కాదు, ఆయన ఇష్టపడిన చిత్రాన్ని: ‘మై గ్రాండ్‌ఫాదర్ లవ్డ్ ద పోర్ట్రెయిట్ పెయింటెడ్ ఇన్ 1960’. ఈ చివరిదానిని ‘ద పోర్ట్రెయిట్, పెయింటెడ్ ఇన్ 1960, వాజ్ లవ్డ్ బై మై గ్రాండ్‌ఫాదర్’ అని రాసినా వ్యాకరణం ఒప్పుతుంది, కానీ కామాలు వచ్చాయి కాబట్టి చదివేవారికి ఆ చిత్రం ఏదో ముందే తెలిసి ఉండాలి.